మడి వెడల్పును బట్టి మనుషులు

పోయిన సార్వా ఊడుపుల రోజుల్లో, ఐనవిల్లిలో మా అక్క ఇంటి అరుగు మీదికి ఒక పొడుగాటి అట్టపెట్టె వచ్చి చేరింది. అందులో 34 అంగుళాల అల్ట్రావైడ్ మానిటర్ ఉంది. మా మేనల్లుడు ఉద్యోగంలో చేరినప్పటి నుంచి నెలనెలా దాచుకున్న డబ్బుతో కొనుక్కున్నాడు. ఆ సాయంత్రమే బల్ల మీద నిలబెట్టి, పాత కంప్యూటరుకే తగిలించి, తనకెంతో ఇష్టమైన మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ తెరిచాడు. రాజమండ్రి విమానాశ్రయంలో లేచి, గోదారి వెంటే ధవళేశ్వరం దాకా వచ్చి, అక్కడ రెండుగా చీలిన నది మధ్యన కోనసీమ మీద ఎగరడం వాడి సరదా. పాత తెర మీద ఒకసారికి ఒక పాయే కనిపించేది. గౌతమి వైపు తిరిగితే వశిష్ఠ పక్కకి జారిపోయేది. కొత్త తెర మీద రెండు పాయలూ ఒక్క చూపులో కనిపిస్తాయని వాడి ఆశ.

కనిపించాయి. కానీ విమానం సాఫీగా సాగలేదు. బొమ్మ ఒక చోట ఆగడం, ఉలిక్కిపడినట్టు ముందుకి దూకడం, మళ్ళీ ఆగడం. రావులపాలెం దాటేసరికి వాడి ముఖం చిన్నబోయింది.

"ఏ గ్రాఫిక్స్ కార్డు కొనమంటారు మావయ్యా?" అన్నాడు.

"కార్డు సంగతి తర్వాత చూద్దాంరా. ముందు ఈ తెర ఎంత పని అడుగుతోందో లెక్క కట్టు" అన్నాను. ఊడుపులకి మనుషుల్ని మాట్లాడేటప్పుడు ఎవరైనా ముందు అడిగేది మడి ఎంత అనే కదా. ఎకరమా, అరెకరమా తెలియకుండా పాతికమందిని పిలవరు. గ్రాఫిక్స్ కార్డు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఈ వరస తిరగబడుతుంది. మార్కెట్లో ఏది గొప్పది, ఏది కొత్తది అన్న దగ్గర మొదలుపెట్టి, ఉన్న డబ్బంతా అక్కడ పోసి, తెరకీ ఇంటి కరెంటుకీ అది సరిపడుతుందో లేదో ఆఖర్న చూస్తారు. ఆ వరసను సరిచేయాలనే ఇదంతా రాస్తున్నాను.

ముగ్గుకి ఇన్ని చుక్కలు, ఇన్ని వరసలు అని చెప్పుకున్నట్టే తెరకీ చెప్పుకోవచ్చు. వాడి కొత్త తెర 3440 చుక్కలు, 1440 వరసలు. మొత్తం 49,53,600 చుక్కలు. వీటినే పిక్సెళ్ళు అంటాం. పాత తెర ఫుల్ హెచ్‌డీ. 1920 చుక్కలు, 1080 వరసలు, మొత్తం 20,73,600. అంటే తెర మార్చిన పూటే కార్డు మీద పని దాదాపు రెండున్నర రెట్లయింది. పాత కార్డు 2019లో వచ్చిన జీటీఎక్స్ 1650. చిన్న తెరకి అది ఏళ్ళ తరబడి నమ్మకంగా పనిచేసింది. చతికిలబడిందంటే తప్పు దానిది కాదు.

34 అంగుళాలు అనగానే తెర అన్ని వైపులా పెరిగిందనుకుంటాం. టేపు పెట్టి కొలిచి చూశాం. ఎత్తు 33 సెంటీమీటర్ల పైచిలుకు, వెడల్పు దాదాపు 80. మామూలు 27 అంగుళాల మానిటరు ఎత్తు కూడా అంతే ఉంటుంది. పెరిగేది వెడల్పు ఒక్కటే, అదీ మూడోవంతు. అందుకే 2560 చుక్కలు, 1440 వరసల మానిటరుకి సరిపోయిన కార్డు దీనికీ సరిపోతుందిలే అనుకుంటే మూడోవంతు పని లెక్కలో తప్పిపోతుంది. అటు 4కే తెరతో పోలిస్తే ఇది అందులో 60 శాతమే. 4కేలో 82,94,400 చుక్కలుంటాయి. కాబట్టి 4కే కోసం చేసిన ఖరీదైన కార్డు దీనికి తప్పనిసరి కాదు. అయితే అల్ట్రావైడ్ అన్న పేరు ఒక్కటే చూసి నిర్ణయం తీసుకోకూడదు. అదే పేరుతో 49 అంగుళాల తెరలు కూడా అమ్ముతున్నారు. 5120 చుక్కలు, 1440 వరసలు. 73 లక్షలు దాటిపోతాయి, 4కేకి దగ్గరే. పెట్టె మీద అంగుళాలు కాదు, చుక్కలూ వరసలూ చదవాలి.

ఈ వెడల్పు తెలుగువాళ్ళకి కొత్త కాదు. 1953లో హాలీవుడ్‌లో 'ద రోబ్' సినిమాతో సినిమాస్కోప్ వచ్చింది. తెలుగులో ఆ వెడల్పుని మొదట తెర నిండా చూపించింది 1974లో వచ్చిన 'అల్లూరి సీతారామరాజు'. స్కోప్ బొమ్మ ఎత్తు ఒక అడుగైతే వెడల్పు రెండడుగుల నాలుగు అంగుళాల పైమాట. మేనల్లుడి మానిటరు కొలత కూడా సరిగ్గా ఆ దగ్గరలోనే ఉంది. 3440ని 1440తో భాగిస్తే 2.39 వస్తుంది. అయితే సినిమాకీ ఆటకీ ఒక పెద్ద తేడా ఉంది. స్కోప్ కెమెరాకి ముందు ఒక ప్రత్యేకమైన లెన్స్ ఉండేది. అది వెడల్పు బొమ్మను పక్కల నుంచి నొక్కి మామూలు ఫిల్ము మీదే పట్టించేది. హాల్లో ప్రొజెక్టరు ముందున్న లెన్స్ దాన్ని తిరిగి సాగదీసేది. ఆ వెడల్పంతా వెలుతురే చేసిపెట్టేది. ఆటలో అలా కుదరదు. పక్కన కొత్తగా కనిపించే ప్రతి కొబ్బరి చెట్టునీ, ప్రతి నీటి మెరుపునీ కార్డు లెక్క కట్టి గీయాలి. సెకనుకి ఎన్నోసార్లు గీయాలి.

ఎన్నిసార్లన్నది రెండో లెక్క. మానిటరు 144 హెర్ట్జ్ అంటే సెకనుకి 144 సార్లు కొత్త బొమ్మ చూపించగలదు. 49.5 లక్షల చుక్కలు, 144 సార్లు. సెకనుకి 71 కోట్ల చుక్కలు. పాత తెర మీద సెకనుకి 60 బొమ్మలతో ఆడినప్పుడు 12 కోట్ల పైచిలుకు సరిపోయింది. అంటే కొత్త తెరని పూర్తిగా వాడుకోవాలంటే దాదాపు ఆరింతల పని. ఇక్కడే మనం ఒక నిర్ణయానికి రావాలి. నిజంగా 144 కావాలా? తుపాకుల పోటీ ఆటలు ఆడేవాళ్ళకి కావాలి. విమానం నడిపేవాడికి, కథ ఉన్న ఆటలు నెమ్మదిగా ఆడుకునేవాడికి 80 నుంచి 100 దాకా చాలు. 100 అనుకుంటే ఒక్కో బొమ్మ గీయడానికి కార్డుకి దొరికేది 10 మిల్లీసెకన్లు. 60 అనుకుంటే 16.7. ఆ గడువులో చెట్ల ఆకారం, నీడలు, మబ్బుల్లోంచి వచ్చే వెలుతురు, నీటి మీద ప్రతిబింబం అన్నీ తేలిపోవాలి. బొమ్మకీ బొమ్మకీ మధ్య వ్యవధి కొంచెం అటూ ఇటూ అయినా తెర చిరిగినట్టు కనిపించకుండా ఉండడానికి మానిటరే కార్డు వేగానికి తగ్గట్టు తన వేగం మార్చుకునే పద్ధతులున్నాయి. జీ-సింక్, ఫ్రీసింక్ అనే పేర్లు అవే. ఇది ఉన్న మానిటరు మీద 80 బొమ్మలు కూడా కంటికి నున్నగా ఉంటాయి. వేల రూపాయలు కార్డు మీద పోసి తెచ్చుకునే ఆ చివరి 40 బొమ్మల కన్నా నాకు ఈ సదుపాయమే విలువైనదిగా తోస్తుంది.

ఇంత పనిని కార్డు ఎలా చేస్తుందో చూడాలంటే అక్క ఇంటి కిటికీలోంచి బయటికి చూస్తే చాలు. ఎదురుగా మడిలో ఊడుపులు సాగుతున్నాయి. ఆడవాళ్ళు వరసగా నిలబడి, ఎవరి పట్టె వాళ్ళు ఊడుస్తూ వెనక్కి నడుస్తున్నారు. ఒకరు నాటిన దుబ్బు కోసం ఇంకొకరు ఆగక్కర్లేదు. ఎన్ని చేతులుంటే అంత త్వరగా మడి నిండుతుంది. తెర మీది చుక్కలు కూడా అంతే. ఎడమ మూల చుక్క రంగు తేలేదాకా కుడి మూల చుక్క ఆగాల్సిన పని లేదు. కంప్యూటరులోని ప్రాసెసర్‌ది వేరే తరహా. అది పొలం యజమాని లాంటిది. విత్తనం ఏది, నీళ్ళు ఎప్పుడు, ఎరువు ఎంత అని ఒకదాని తర్వాత ఒకటి తేల్చుకుంటూ పోయే పని దానిది. గట్టివాళ్ళు ఎనిమిది మందో పదహారు మందో ఉంటారు. గ్రాఫిక్స్ చిప్పులో ఒక్కొక్కరి శక్తి తక్కువే, కానీ వేలమంది. 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 5070లో ఇలాంటి చిన్న లెక్కల యూనిట్లు 6,144 ఉన్నాయి.

వేలమందికి ఒక్కొక్కరికీ విడిగా పని చెబుతూ కూర్చుంటే చెప్పడానికే పొద్దుపోతుంది. అందుకని 32 మందిని ఒక జట్టుగా కడతారు. జట్టుకంతటికీ ఒకే ఆజ్ఞ. ఈ జట్టుకి ఎన్విడియా ఇంజినీర్లు పెట్టుకున్న పేరు వార్ప్. మగ్గం మీద నిలువుగా సాగదీసి కట్టే దారాల వరసకి ఇంగ్లీషులో ఉన్న పేరది. మనం పడుగు అంటాం. ఎన్నో దారాలు పక్కపక్కనే ఒకేసారి నడిచిన మొదటి పని నేతే కాబట్టి ఆ పేరు తీసుకున్నామని ఆ సంస్థ తన ప్రోగ్రామింగ్ పుస్తకంలోనే రాసుకుంది. ఇది చదివిన రోజు నాకు చెప్పలేని సంతోషం కలిగింది. అమలాపురం పక్కనే బండారులంక ఉంది. అక్కడి చేనేత చీరలు కట్టుకోని ఇల్లు మా చుట్టుపక్కల అరుదు. చిన్నప్పుడు అక్కడ మగ్గం ముందు నిలబడి, కాలు తొక్కగానే పడుగులో సగం దారాలు ఒక్కసారిగా పైకి లేవడం చూశాను. ఒక్కో దారాన్నీ చేత్తో ఎత్తాల్సి వస్తే చీర నేయడానికి ఏడాది పడుతుంది. చిప్పులో జరిగేదీ అదే సూత్రం. ఒక్క ఆజ్ఞకి 32 దారాలు కదులుతాయి.

ఆ జట్టులో కొందరు ఒక పనీ, కొందరు ఇంకో పనీ చేయాల్సి వస్తే ఇబ్బంది వస్తుంది. పక్కపక్క చుక్కల్లో కొన్ని నీళ్ళ మీద, కొన్ని గట్టు మీద పడ్డాయనుకోండి. నీళ్ళ లెక్క నడిచేటప్పుడు గట్టు చుక్కల వాళ్ళు ఖాళీగా నిలబడతారు. తర్వాత వాళ్ళ వంతు, వీళ్ళు ఖాళీ. ఒకే కార్డు ఒక ఆటలో పరుగెత్తి, ఇంకో ఆటలో ఈసురోమనడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. ఒక కంపెనీ కార్డులోని యూనిట్ల సంఖ్యని ఇంకో కంపెనీ సంఖ్యతో నేరుగా పోల్చకూడదనేది కూడా ఇందుకే. ఏఎండీ ఆర్‌ఎక్స్ 9070లో యూనిట్లు 3,584 అని రాసి ఉంటుంది. 6,144తో పోల్చి అది సగం కార్డు అనుకుంటే పొరపాటు. చాలా ఆటల్లో రెండూ భుజం భుజం రాసుకుని నడుస్తాయి. జట్టు కట్టే తీరు, పని పంచే తీరు వేరు, అంతే.

ఇక మెమరీ. నన్నడిగితే ఈ తెరకి కార్డు ఎంచుకోవడంలో అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించాల్సింది దీని గురించే. ఊడ్చేవాళ్ళు ఎంతమంది ఉన్నా ఆకు కట్టలు చేతికి అందాలి. ఆకుమడిలో ఆకు తీసి, కట్టలు కట్టి, ముందుగానే మడిలో అక్కడక్కడ విసిరి ఉంచుతారు. చెయ్యి చాపితే కట్ట దొరకాలి. కట్టలు అయిపోయి, ఊరవతల ఆకుమడి నుంచి మోసుకు రావాల్సి వస్తే పాతికమందీ నడుం మీద చేతులు వేసుకుని నిలబడాల్సిందే. కార్డు మీదే ఉండే మెమరీ, వీ-ర్యామ్ అంటారే, అది మడిలో విసిరి ఉంచిన కట్టల్లాంటిది. కంప్యూటరు సొంత మెమరీ ఊరవతల ఆకుమడి. 

రెండింటి మధ్య దూరాన్ని అంకెల్లో చెబుతాను. ఆర్‌ఎక్స్ 9070 చిప్పుకీ దాని మెమరీకీ మధ్య సెకనుకి 640 జీబీ ప్రవహిస్తుంది. అదే సమాచారం కంప్యూటరు మెమరీ నుంచి పీసీఐ ఎక్స్‌ప్రెస్ నాలుగో తరం దారిలో రావాలంటే సెకనుకి 32 జీబీకి మించదు. ఇరవయ్యో వంతు. మేనల్లుడి పాత కార్డులో మెమరీ 4 జీబీ. ఆట అంతకు మించి అడిగింది. మిగతాది ఊరవతల నుంచి రావాల్సి వచ్చింది. రావులపాలెం మీద బొమ్మ ఆగి ఆగి దూకడానికి అసలు కారణం అదే. చిప్పు బలహీనత వల్ల బొమ్మల సంఖ్య తగ్గితే ఆట నెమ్మదిగా నడుస్తుంది. మెమరీ చాలకపోతే ఉలికిపాట్లు వస్తాయి. రెండూ వేరువేరు జబ్బులు.

పెద్ద తెర కాబట్టి బొమ్మ దాచుకోవడానికే మెమరీ అంతా పోతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. 49.5 లక్షల చుక్కలకి ఒక్కోదానికి 4 బైట్లు వేసినా ఒక బొమ్మ 20 ఎంబీ లోపే. లెక్కల మధ్యలో ఇలాంటివి పది పాతిక అవసరమైనా కొన్ని వందల ఎంబీ. చోటు తినేసేది వస్తువుల పైపూత, అంటే టెక్స్చర్లు. గోడ మీది సున్నం, చెట్టు బెరడు, పడవ చెక్క. 4096 చుక్కల పొడుగూ వెడల్పూ ఉన్న ఒక్క టెక్స్చరు ఉన్నదున్నట్టు పెడితే 64 ఎంబీ. కుదించి పెట్టినా 16. అలాంటివి వందల కొద్దీ ఉంటాయి. ఇప్పటి పెద్ద ఆటలు పూర్తి నాణ్యతతో ఈ తెర మీద 8 జీబీని సులువుగా దాటేస్తున్నాయి. అందుకే 3440 తెరకి 8 జీబీ కార్డు కొత్తగా కొనవద్దని గట్టిగా చెబుతాను. 12 జీబీతో ఇవాళ నడుస్తుంది. 16 జీబీ ఉంటే నాలుగైదేళ్ళు నిశ్చింత. కొన్ని కార్డులు ఒకే పేరుతో 8, 16 రెండు రకాలుగా వస్తాయి. ఆర్‌టీఎక్స్ 5060 టీఐ అలాంటిదే. పేరు చూసి, ధర తక్కువని 8 జీబీది తెచ్చుకుంటే పొరపాటే, ఈ తెర ముందు రెండూ ఒకటి కావు.

ఎంత మెమరీ ఉందన్నది ఒకటి, ఎంత వేగంగా చేతికొస్తుందన్నది ఇంకొకటి. పంటకాలవ లెక్కే ఇది కూడా. కాలవలో పారే నీరు దాని వెడల్పు మీదా నీటి వేగం మీదా ఆధారపడుతుంది. ఆర్‌ఎక్స్ 9070కి మెమరీ దారి వెడల్పు 256 బిట్లు. ఒక్కో తీగ మీద సెకనుకి 2,000 కోట్ల బిట్లు. గుణించి, బైట్లలోకి మార్చడానికి 8తో భాగిస్తే ఇందాక చెప్పిన 640 జీబీ వస్తుంది. ఆర్‌టీఎక్స్ 5070కి దారి సన్నం, 192 బిట్లే. కానీ కొత్తరకం జీడీడీఆర్7 మెమరీ వేగం ఎక్కువ కాబట్టి 672 జీబీ. ఆర్‌టీఎక్స్ 5060 టీఐకి 128 బిట్లు, 448 జీబీ. పాత జీటీఎక్స్ 1650కి 128 జీబీ. తెర వెడల్పయ్యేకొద్దీ ఈ అంకె బలం తెలుస్తుంది. చిన్న తెర మీద పక్కపక్కనే నడిచిన రెండు కార్డులు పెద్ద తెర మీద విడిపోవడం చూస్తుంటాం. దానికి కారణం తరచుగా ఇదే.

ఇంకో తోవ కూడా ఉంది. మడి అంతా ఊడ్చకుండా, కొంత ఊడ్చి మిగతాది నింపుకోవడం. పొలంలో కుదరదు గానీ తెర మీద కుదురుతోంది. ఎన్విడియా 2018లో తెచ్చిన డీఎల్‌ఎస్‌ఎస్, ఏఎండీ 2021లో తెచ్చిన ఎఫ్‌ఎస్‌ఆర్ చేసేది ఇదే. క్వాలిటీ అనే అమరికలో పెడితే కార్డు నిజంగా గీసేది 2293 చుక్కలు, 960 వరసలు. మొత్తం 22 లక్షలు. అంటే ఇంచుమించు పాత ఫుల్ హెచ్‌డీ తెర పని. మిగిలిన చుక్కల్ని ముందు బొమ్మల్లో చూసినదాన్ని బట్టి, వస్తువులు ఎటు కదులుతున్నాయో లెక్కగట్టి నింపుతుంది. ఇప్పటి తరం కార్డుల్లో ఈ నింపే పని శిక్షణ పొందిన న్యూరల్ నెట్‌వర్కులు చేస్తున్నాయి. విమానం కిటికీలోంచి చూస్తే తేడా పట్టుకోవడం నాకు చేతకాలేదు. కరెంటు తీగల్లాంటి సన్నని గీతల దగ్గర అప్పుడప్పుడు చిన్న వణుకు కనిపిస్తుంది. దీన్ని మోసమని తీసిపారేసేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. అదే వెడల్పుని తక్కువ కరెంటుతో, తక్కువ వేడితో చూపిస్తున్న మంచి విద్య అది.

దీనికి తోడుగా అమ్ముతున్న ఫ్రేమ్ జెనరేషన్ మాత్రం వేరు సంగతి. రెండు నిజమైన బొమ్మల మధ్య ఒకటో మూడో ఊహించిన బొమ్మలు చొప్పిస్తుంది. అంకె పెరుగుతుంది, కదలిక నున్నగా కనిపిస్తుంది. కానీ రెండో బొమ్మ వచ్చేదాకా మధ్యబొమ్మ పుట్టదు కాబట్టి మన చేతికీ తెరకీ మధ్య జాప్యం తగ్గదు, కాస్త పెరుగుతుంది కూడా. అసలు వేగం 60 దాకా ఉన్నప్పుడు పైమెరుగుగా బాగుంటుంది. 25 మాత్రమే వచ్చే కార్డుని ఇది నిలబెట్టలేదు. ప్రకటనల్లో ఇచ్చే పెద్ద అంకెలు చూసేటప్పుడు ఇందులో ఊహించిన బొమ్మలెన్ని అని అడగాలి.

ఇన్ని లెక్కలయ్యాక మా ముందు నిలిచినవి రెండే. రెండూ 2025 మార్చిలో వచ్చినవి. అమెరికాలో రెంటికీ ప్రకటించిన ధర ఒకటే, 549 డాలర్లు. ఆర్‌టీఎక్స్ 5070కి 12 జీబీ, 250 వాట్లు. ఆర్‌ఎక్స్ 9070కి 16 జీబీ, 220 వాట్లు. బ్లెండర్ లాంటి వాటిలో త్రీడీ బొమ్మలు చేయడం నేర్చుకునేవాళ్ళకి, కృత్రిమ మేధ ప్రోగ్రాములు రాసుకునేవాళ్ళకి ఎన్విడియా వైపే మొగ్గు ఉంటుంది. ఆ సాఫ్ట్‌వేర్లలో ఎక్కువ భాగం ఎన్విడియా సొంత ప్రోగ్రామింగ్ పద్ధతి 'కూడా' (CUDA) చుట్టూ అల్లుకుని ఉన్నాయి. మా వాడు ఆటలకే వాడతాడు. 16 జీబీ వైపు వెళ్ళాం. ఇంకా డబ్బుంటే ఆర్‌టీఎక్స్ 5070 టీఐ ఈ తెరకి ఏ లోటూ లేని కార్డు. 16 జీబీ, సెకనుకి 896 జీబీ. కానీ 300 వాట్లు. ఆ వాట్లే మమ్మల్ని ఆపాయి.

వాట్ల సంగతి పల్లెటూళ్ళో తేలిగ్గా తీసుకునేది కాదు. ఈదురుగాలి వస్తే కొబ్బరాకు తీగ మీద పడుతుంది, కరెంటు పోతుంది. మా అక్క ఇంట్లో ఉన్నది 600 వీఏ యూపీఎస్. అది నిజంగా ఇవ్వగలిగేది 360 వాట్ల దగ్గర. పాత కార్డు 75 వాట్లది కాబట్టి ఇన్నాళ్ళూ సరిపోయింది. కొత్త కార్డు 220, ప్రాసెసర్ ఒక 90, మానిటరు 50, మిగతావి కలిపి 400 దాటుతుంది. ఆట మధ్యలో కరెంటు పోయిన మరుక్షణం యూపీఎస్ కూడా చేతులెత్తేస్తుంది. కార్డుతోపాటు వెయ్యి వీఏది కొనాలన్నది ఆ రోజే రాసుకున్నాం. ఇంటి ఇన్వర్టరు మీద నడిపేవాళ్ళు దాని వెనక మీట యూపీఎస్ అని ఉన్న వైపు ఉందో లేదో చూసుకోవాలి. మామూలు వైపు ఉంటే కరెంటు మారే ఆ లిప్తపాటు కంప్యూటరుకి ఎక్కువైపోతుంది. లోపలి పవర్ సప్లై తనలో నిలవున్న విద్యుత్తుతో నెట్టుకు రాగలిగేది దాదాపు 16 మిల్లీసెకన్లు. సెకనుకి 60 బొమ్మల లెక్కలో ఒక్క బొమ్మ గీసేంత వ్యవధి.

ఆ 220 వాట్లూ చివరికి వేడిగానే గదిలోకి వస్తాయి. మూడు సీలింగు ఫ్యాన్లు తినే కరెంటు అరచేయంత చోట వేడిగా మారుతుందన్నమాట. కార్డు మీది లోహపు రేకుల మీంచి ఆ వేడిని తీసుకుపోయేది గది గాలే. కాబట్టి 25 డిగ్రీల గదిలో 70 దగ్గర ఉండే కార్డు, రోహిణి కార్తెలో 37 డిగ్రీల గదిలో అదే ఫ్యాను వేగానికి 82 అవుతుంది. మరీ వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి చిప్పు వేగం తగ్గించుకుంటుంది. అందుకే మూడు ఫ్యాన్ల, మందపాటి రేకుల రకం తీసుకోమన్నాను. మన దగ్గర తేమ గురించి భయపడేవాళ్ళున్నారు. గాలిలో తేమ ఉన్నంత మాత్రాన కార్డు చల్లబడడం తగ్గదు. తేమకి దుమ్ము తోడై రేకుల మధ్య పిండిలా అతుక్కుంటే తగ్గుతుంది. మూడు నెలలకోసారి మెత్తటి కుంచెతో దులపాలి. దులిపేటప్పుడు ఫ్యాన్లు తిరగకుండా వేలితో ఆపి ఉంచాలి.

కార్డు హైదరాబాదు నుంచి వచ్చింది. దాన్ని బిగించకముందే అక్క అట్టపెట్టెతో సహా విఘ్నేశ్వరుడి గుడికి తీసుకెళ్ళి పూజ చేయించింది. పరీక్షల ముందు స్వామి దగ్గర పెట్టిన పెన్నుల కోసం ఎక్కడెక్కడి పిల్లలో వచ్చే గుడి అది. మా ఇంట కొత్త వస్తువేదైనా ముందు అక్కడికే వెళుతుంది. లోపలి వెండిరంగు సంచి విప్పవద్దని మాత్రం చెప్పాను. చేతిలోని స్థిరవిద్యుత్తు చిప్పులకి తగలకుండా కాపాడేది ఆ సంచే. బొట్టు అట్టపెట్టె మీదే పెట్టించుకొచ్చింది.

బిగించాం. పవర్ కేబుళ్ళు చివరిదాకా నొక్కి, టక్కుమన్నాక ఒకసారి లాగి చూశాం. ఆట తెరిచాం. ఉలికిపాట్లు పోయాయి. కానీ బొమ్మల వేగం ఎంత చేసినా 60 దగ్గరే కట్టేసినట్టు ఆగిపోయింది. అమరికల్లో చూస్తే 100 వరకే ఇస్తోంది, 144 కనిపించడం లేదు. అరగంట తల పట్టుకున్నాక చూపు కేబులు మీద పడింది. మానిటరు అమ్మిన దుకాణం వాళ్ళు పెట్టెలో కేబులు లేదని విడిగా ఇచ్చిన హెచ్‌డీఎంఐ తీగ అది. మానిటరు వెనక ఆ రంధ్రం 2.0 రకం. ఇప్పటిదాకా వేసిన లెక్కలకి ఇదొక్కటి కలపాలి. 49.5 లక్షల చుక్కలు, 144 సార్లు, చుక్కకి 24 బిట్లు. సెకనుకి 1,712 కోట్ల బిట్లు. హెచ్‌డీఎంఐ 2.0 మోయగలిగేది 1,440 కోట్లు. సెకనుకి 100 బొమ్మలైతే 1,189 కోట్లు కాబట్టి అంతవరకే ఒప్పుకుంటోంది. డిస్‌ప్లేపోర్ట్ 1.4 అయితే 2,592 కోట్లు మోస్తుంది. అమలాపురం వెళ్ళి డిస్‌ప్లేపోర్ట్ కేబులు తెచ్చాం. అప్పుడు కూడా విండోస్ తనంతట తాను 60 దగ్గరే ఉంది. డిస్‌ప్లే అమరికల్లోకి వెళ్ళి 144 మనమే ఎంచుకోవాల్సి వచ్చింది. వేల రూపాయల కార్డు కొని, ఏళ్ళ తరబడి 60 దగ్గరే ఆడుకుంటున్న ఇళ్ళు ఎన్నున్నాయోనని నాకు దిగులేసింది. ఇది చదువుతున్నవాళ్ళు ఒకసారి ఆ అమరిక తెరిచి చూసుకోండి.

కొత్త తెరతో అన్ని ఆటలూ వెడల్పవుతాయనీ అనుకోవద్దు. 2022లో వచ్చిన ఎల్డెన్ రింగ్ ఈ తెర మీద రెండు పక్కలా నల్లపట్టీలతోనే నడుస్తుంది, సెకనుకి 60 బొమ్మలు దాటదు. ఎంత గొప్ప కార్డు పెట్టినా అంతే. ఫ్లైట్ సిమ్యులేటరు దీనికి పూర్తిగా వ్యతిరేకం. వెడల్పు ఇచ్చినకొద్దీ లోకం విప్పి చూపిస్తుంది, కానీ ప్రాసెసర్ని కూడా గట్టిగా పిండుతుంది. ఊడ్చేవాళ్ళు సిద్ధంగా ఉన్నా యజమాని పని చెప్పడం ఆలస్యమైతే ఏం లాభం? రాజమండ్రి మీద ఇళ్ళు ఎక్కువగా ఉన్న చోట కార్డు సగం ఖాళీగా ఉండి ప్రాసెసర్ వగర్చడం తెర మీద చూపించే పనితీరు లెక్కల పట్టీలో స్పష్టంగా కనిపించింది. అక్కడ కార్డు మార్చినా ఉపయోగం ఉండదు. మేనల్లుడు ఆటలో వేగానికి 80 దగ్గర హద్దు పెట్టాడు. కార్డు ఫ్యాన్ల చప్పుడు సగానికి తగ్గింది.

మర్నాడు రాత్రి వాన. అన్నాలయ్యాక మళ్ళీ రాజమండ్రిలో లేచాడు. ధవళేశ్వరం ఆనకట్ట వెనకపడింది. ఈసారి ఎక్కడా ఆగకుండా నది రెండుగా విడిపోయింది. కుడిచేతి వైపు వశిష్ఠ, ఎడమచేతి వైపు గౌతమి, మధ్యలో చిక్కటి పచ్చదనం. అక్క చేతిలో పళ్ళెం అలాగే పట్టుకుని వచ్చి వెనక నిలబడింది.

"మన ఊరేదిరా ఇందులో?"

వాడు గౌతమి వైపు కొద్దిగా ఒరిగించాడు. ఉపగ్రహ చిత్రాల మీద కంప్యూటరు మొలిపించిన చెట్లవి, ఇళ్ళు కూడా అది అల్లినవే. నది వంపు మాత్రం నిజమైనదే. అక్క కాసేపు దాన్నే చూసింది. తర్వాత పళ్ళెం బల్ల మీద పెట్టి, తెర దగ్గరగా వంగి వేలు పెట్టింది.

"ఇదిగో ముక్తేశ్వరం రేవు. అవతలది కోటిపల్లి" అని, కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఇంకొంచెం కిందకి దించు."